ష్ట్రూడల్ పొట్ట మీద పదకొండు

మొదటిది ఆదివారం నా బొటనవేలికి తగిలింది.
కందిగింజంత.
మెడ నుంచి జానెడు కిందికి, పొట్టవైపు.
తిన్న ఎలుక ఇంకా అరగలేదేమో అనుకున్నాను.
కానీ ఎలుక ఉబ్బు నడుస్తుంది,
రోజుకింత అని తోకవైపు జరుగుతుంది.
ఇది జరగలేదు.

బుధవారానికి పదకొండు.
లెక్కపెట్టడానికి దీపం ఆర్పేశాను.
నవ్వకండి. ముప్ఫై యేళ్ళు
ఓస్త్రవా ఊరికింద తొమ్మిదివందల మీటర్ల లోతున
బొగ్గుపొరని చేత్తో చదివినవాణ్ణి.
వెలుతురుంటే నా వేళ్ళు బద్ధకిస్తాయి.

పాము మెల్లగా మణికట్టు చుట్టుకుంది.
ఒక్కొక్కదాన్నీ అడుగుతూ పోయాను:
నువ్వు పొక్కువా? కురుపువా?
కంతివా, కదుమువా, ఉత్త దద్దురువా?
గట్టిగా ఉంటే చీము గడ్డకట్టినట్టు,
ఆవగింజలో సగముండి పాకితే పురుగు పట్టినట్టు.
ఇవి నొక్కితే లొంగాయి,
వాన నిలిచిన గుడారం బట్టలా.

పాము నాది కాదు, వ్లాస్టిమిల్‌ది.
పేరూ అతనే పెట్టాడు,
చుట్టచుట్టుకుంటే అచ్చం వాళ్ళావిడ
ఆపిల్ ముక్కలు పెట్టి చుట్టే రొట్టెలా ఉందని.
చివరి వారం, ఆసుపత్రిలో,
ఆక్సిజన్ గొట్టం పక్కకి లాగి
ఒక్క మాటన్నాడు:
"దాని గాజుపెట్టె ఎండనివ్వకురా ఓల్డా."

ఎండనివ్వలేదు.
పొద్దున, మధ్యాహ్నం, పడుకోబోయే ముందు
పూలమొక్కల సీసాతో నీళ్ళు కొట్టాను.
కిందటి కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది కదా,
తప్పు నాదేననుకుని
ఇంకో రెండుసార్లు.

గురువారం మైనస్ తొమ్మిది.
దిండు గలీబులో పాము,
గలీబు నా కోటు లోపల,
విట్కోవిత్సెలో ట్రామెక్కాను.
ఎదురు సీటు ముసలావిడ
నా గుండె దగ్గర ఏదో మెసలడం చూసి
చూపు కిటికీకి తిప్పుకుంది. మర్యాదస్తురాలు.

డాక్టర్ సికొరోవా నాకన్నా నలభైయేళ్ళు చిన్నది.
పాముని వెల్లకిలా తిప్పి
పొలుసు పొలుసూ ఎత్తి చూసింది.
సన్నని సూది. ఒక చుక్క.
గాజుపలక మీద దాన్ని ఎంతసేపు చూసిందంటే
నా బూట్ల మంచు కరిగి మడుగు కట్టింది.

"చీము కాదు, పురుగూ కాదు," అంది.
"నీటిపొక్కులు. తడి పక్క మీద
పడుకుని పడుకుని వచ్చినవి.
మీరు బాగా తడిపారు."

పాముకి పాలు పోసి పెంచితే
ద్రోహాన్ని పెంచుకున్నట్టేనంటారు.
నేను పోసింది నీళ్ళు.
ద్రోహం ఎటునుంచి ఎటో మరి.

మందు రాస్తుంటే పట్టుకోమంది.
అప్పుడు కనబడ్డాయి ఆమెకి నా చేతిమీది నీలం గీతలు,
మణికట్టు పక్కన చర్మం కింద
గోధుమగింజంత ఎత్తు.
"ఇదేంటి?"
పొలుసులెత్తిన చూపే, నా మీద.

"బొగ్గు," అన్నాను.
"ఎనభై ఏడులో పైకప్పు రాలింది.
గాయం దానిమీదే మూసుకుపోయింది."
"తీయించుకోలేదా?"
"దీని జోడీ వ్లాస్టిమిల్ భుజంలో ఉండేది."

వేలితో నొక్కింది.
గట్టిగా ఉంది, కదల్లేదు.
కాగితం మీద ఏమీ రాయలేదు.

ఇప్పుడు పెట్టెలో పొడి వార్తాపత్రికలు.
కూలిన ప్రభుత్వాల మీద, ఫుట్‌బాల్ స్కోర్ల మీద
ష్ట్రూడల్ గరగరమని జరుగుతుంటే
రాత్రి పక్కగదిలోకి వినబడుతుంది.
రోజుకి రెండుసార్లు గోధుమరంగు మందు.
దీపం ఆర్పి లెక్కపెడుతున్నాను.
నిన్నటికి తొమ్మిది.
ఒకటి తొమ్మిదో, తొమ్మిదిన్నరో తేలలేదు.

వేళకి చెయ్యి తనంతట తనే
నీళ్ళసీసా అందుకుంటుంది.
కిటికీలో జెరేనియం ఉంది,
దానికి కొడుతున్నాను.
అదీ కుళ్ళేలా ఉంది.